ఉత్తర శీతల సముద్రాల్లో జంతుప్లవకాలను శబ్దంతో ఎలా చదవాలి: సన్నద్ధత నుంచి చివరి లెక్క దాకా

"ఎకోసౌండర్ ఆన్ చేశాం, తెర మీద రంగురంగుల పొరలు కనిపిస్తున్నాయి, ఇందులో కోపెపాడ్‌లు ఎన్ని ఉన్నాయో ఎలా చెప్పాలి?" ఈ ప్రశ్న నన్ను ఇప్పటికి చాలామంది అడిగారు. (ఎకోసౌండర్ అంటే నీటిలోకి శబ్దం పంపి ప్రతిధ్వని వినే పరికరం; కోపెపాడ్‌లు అంటే రొయ్యలకు దూరపు బంధువులైన అతి చిన్న జంతుప్లవకాలు, అంటే నీటి ప్రవాహంతో తేలే జీవులు.) ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కంటే పని ఏ వరుసలో చేయాలో, ఎక్కడ తప్పు జరుగుతుందో ఒకేచోట రాసేస్తే అందరికీ పనికొస్తుందని కూర్చున్నాను.

ఒక్క మాట ముందే మనసులో పెట్టుకోండి. తెర మీద ఎర్రగా మెరిసేది ఎక్కువ సంఖ్యలో ఉన్న జీవి కానక్కర్లేదు, గట్టిగా ప్రతిధ్వనించే జీవి అంతే. ఉత్తర సముద్రాల్లో ఆహార గొలుసును మోసే కెలానస్ కోపెపాడ్‌ల ప్రతిధ్వని చాలా సన్నగా ఉంటుంది. దాన్ని మిగతా రొదలోంచి విడదీయడమే కింద చెప్పిన పనులన్నిటి ఉద్దేశం.

## 1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

పరికరం గురించి ఆలోచించే ముందు కాగితం తీసుకుని మూడు సంగతులు రాయండి: ఏ జీవి, ఎంత లోతు, ఏ కాలం.

"ఆర్కిటిక్‌లో జంతుప్లవకాలను అధ్యయనం చేయాలి" అనేది ప్రశ్న కాదు. "మే నెలలో ఫ్యోర్డ్‌లో (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో) పై 100 మీటర్లలో కెలానస్ రాత్రీ పగలూ పైకీ కిందికీ కదులుతోందా" అనేది ప్రశ్న. రెండో దానికి ఫ్రీక్వెన్సీ, పరికరం, వల ఏవి కావాలో తేలిగ్గా తేలిపోతుంది.

కాలం ఎందుకంటే, కెలానస్ ఏడాది పొడవునా ఒకే చోట ఉండదు. వసంతంలో, వేసవిలో పైన మేసి, ఒంట్లో నూనె నింపుకుని, చలికాలానికి లోతుకు దిగి నిద్రాణంగా ఉండిపోతుంది. నార్వేజియన్ సముద్రంలో ఆ లోతు కొన్ని వందల మీటర్ల నుంచి వెయ్యి మీటర్లు దాటే దాకా ఉంటుంది. జనవరిలో ఓడ అడుగున ఉన్న 333 కిలోహెర్ట్జ్ ట్రాన్స్‌డ్యూసర్‌తో (శబ్దం పంపి, వినే భాగంతో) దాని కోసం వెతికితే దొరకదు, అది అక్కడ లేదు కాబట్టి. "డేటాలో ఏమీ లేదండీ" అని టెన్షన్ పడేవాళ్ళలో చాలామంది ఈ లెక్క చూసుకోని వాళ్ళే.

## 2. జీవి పరిమాణాన్ని బట్టి ఫ్రీక్వెన్సీ ఎంచుకోండి

ఇక్కడ కొంచెం నింపాదిగా చదవండి. మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది.

నీటిలో శబ్దవేగాన్ని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. చల్లటి నీటిలో వేగం సెకనుకు 1450 మీటర్ల దగ్గర అనుకుంటే, 38 కిలోహెర్ట్జ్‌కి తరంగదైర్ఘ్యం సుమారు 38 మిల్లీమీటర్లు, 120కి 12, 200కి 7 పైచిలుకు, 333కి 4.4, 455కి 3.2, 769కి 1.9.

ఇప్పుడు జీవులు చూడండి. కెలానస్ ఫిన్మార్కికస్ పెద్దది రెండు మూడు మిల్లీమీటర్లు. కెలానస్ గ్లేసియాలిస్ కొంచెం పెద్దది, కెలానస్ హైపర్‌బోరియస్ ఇంకా పెద్దది. థైసనోయెస్సా జాతి క్రిల్ (రొయ్య లాంటి చిన్న జీవి) రెండు మూడు సెంటీమీటర్ల దాకా, మెగానిక్టిఫేనిస్ నార్వేజికా అనే క్రిల్ నాలుగు సెంటీమీటర్ల దాకా ఉంటాయి. థెమిస్టో లిబెల్యులా అనే యాంఫిపాడ్ (ఇదీ రొయ్య లాంటి జీవే) కూడా సెంటీమీటర్లలోనే కొలవాలి.

తరంగంతో పోలిస్తే జీవి మరీ చిన్నదైతే ప్రతిధ్వని ఫ్రీక్వెన్సీ నాలుగో ఘాతంతో పెరుగుతుంది. అంటే 38 నుంచి 120కి వెళ్తే అదే కోపెపాడ్ దాదాపు వంద రెట్లు, అంటే 20 డెసిబెల్స్ గట్టిగా వినిపిస్తుంది. జీవి పరిమాణం తరంగానికి దీటుగా వచ్చాక ఆ పెరుగుదల ఆగి, హెచ్చుతగ్గులతో నడుస్తుంది. క్రిల్ విషయంలో ఈ మలుపు కోపెపాడ్ కంటే చాలా తక్కువ ఫ్రీక్వెన్సీలోనే వచ్చేస్తుంది. కెలానస్ ఫిన్మార్కికస్ మాత్రం 200 దగ్గర కూడా ఇంకా బలహీనంగా పలికే ప్రాంతంలోనే ఉంటుంది.

అలాగని అందరూ 769 కొనుక్కుంటే సరిపోతుందా అంటే, లేదు. ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ నీరు శబ్దాన్ని మింగేస్తుంది. 38 వెయ్యి మీటర్ల దాకా చూపిస్తుంది, 200 సుమారు రెండు మూడు వందల మీటర్లు, 333 వంద మీటర్ల చుట్టుపక్కల, 769 కొన్ని పదుల మీటర్లు. అందుకే ఓడ నుంచి లోతు చూడలేనప్పుడు పరికరాన్నే లోతుకు దించాలి.

నా సలహా:

- కోపెపాడ్‌లే ముఖ్యమైతే 200, 333 లేదా 455 తప్పనిసరి, వాటికి తోడు 38.
- క్రిల్, యాంఫిపాడ్‌లైతే 38, 70, 120, 200.
- ఒక్క ఫ్రీక్వెన్సీయే ఉంటే జాతుల గురించి మాట్లాడకండి, పొరల కదలిక గురించి మాత్రమే మాట్లాడండి.

38లో కోపెపాడ్ వినిపించదు కదా, అది ఎందుకు అని అడుగుతారు. వినిపించదు కాబట్టే కావాలి. గాలి తిత్తి ఉన్న చేప 38లో గట్టిగా పలుకుతుంది. 200లో ఉండి 38లో దాదాపు లేనిది చిన్న జీవి, రెండింట్లోనూ గట్టిగా ఉన్నది చేప అని తేల్చే మొదటి ఆధారం ఆ 38యే.

## 3. పరికరం ఎక్కడ ఉండాలి?

ఓడ అడుగున: విస్తీర్ణం ఎక్కువ చూడొచ్చు. కానీ ఓడ అడుగు నుంచి పైనున్న నీరు, అంటే మొదటి పది మీటర్లకు అటూ ఇటూ, పూర్తిగా కనిపించదు. ఉత్తర వేసవిలో కెలానస్‌లో పెద్ద భాగం ఒక్కోసారి సరిగ్గా అక్కడే ఉంటుంది. ఓడ మంచు పగలగొడుతూ వెళ్తుంటే అడుగున మంచు ముక్కలు, గాలి బుడగలు పారుతుంటాయి, ఆ డేటా పనికిరాదు. మంచులో ఉన్నప్పుడు ఓడ ఆగిన సమయాల డేటానే వాడండి.

మూరింగ్ (సముద్రపు అడుగుకు లంగరేసి నిలిపిన తాడు) మీద, పైకి చూస్తూ: ఏడాది పొడవునా ఒకే చోటి కథ చెబుతుంది. పై నీరు కూడా కనిపిస్తుంది. ఏజడ్‌ఎఫ్‌పీ లాంటి బహుళ ఫ్రీక్వెన్సీ పరికరాలు ఇందుకే తయారయ్యాయి. సముద్రపు మంచు ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన చోట దాని అడుగు భాగం ఇరవై మీటర్లు దాటి కిందికి దిగగలదు, కాబట్టి మూరింగ్ పై కొస అంతకంటే లోతులో ఉండాలి. హిమనదం ముందున్న ఫ్యోర్డ్ అయితే మంచు కొండల లోతు కూడా చూసుకోండి.

ఏడీసీపీ: ప్రవాహాలు కొలవడానికి పెట్టిన 300 కిలోహెర్ట్జ్ ఏడీసీపీ ఇప్పటికే అక్కడ ఉంటే దాని ప్రతిధ్వని తీవ్రతను కూడా వాడుకోవచ్చు. పొరలు ఎప్పుడు లేచాయి, ఎప్పుడు దిగాయి అనేది చక్కగా చెబుతుంది. సంఖ్య మాత్రం అడక్కండి, దాన్ని, ప్రతిధ్వని ఎంతో ముందే తెలిసిన గోళంతో సరిచూసి (క్యాలిబ్రేట్ చేసి) ఉండరు.

మనుషులు లేని చిన్న పడవ: లైట్లు లేకుండా, శబ్దం లేకుండా పై నీటిని చూడాలంటే ఇదే మంచిది. నార్వేకు ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లోని కాంగ్స్‌ఫ్యోర్డ్‌లో ధ్రువ రాత్రి వేళ (చలికాలంలో సూర్యుడు ఉదయించని రోజుల్లో) ఇలాంటి పడవతో చేసిన పనే, ఓడ వెలుగు ప్లవకాలను ఎంత చెదరగొడుతుందో చూపించింది. దాని గురించి ఏడో అడుగులో చెబుతాను.

## 4. బయలుదేరే ముందు

చలిలో పాడయ్యేవి ఖరీదైన వస్తువులే అనుకుంటాం గానీ, ఎక్కువగా పని ఆపేసేవి చిన్న వస్తువులు.

- సీటీడీ (నీటి ఉష్ణోగ్రత, లవణీయత, లోతు కొలిచే పరికరం) లోపల విద్యుద్వాహకత కొలిచే గొట్టంలో నీరు మిగిలి, డెక్ మీద గడ్డకడితే గాజు పగులుతుంది. వాడకానికీ వాడకానికీ మధ్య దాన్ని వెచ్చటి చోటే ఉంచండి.
- మూరింగ్ బ్యాటరీ సామర్థ్యాన్ని గది ఉష్ణోగ్రత దగ్గర కాకుండా సున్నా డిగ్రీల దగ్గర ఎంత వస్తుందో దాంతో లెక్కించి, పైన కొంత అదనం పెట్టుకోండి.
- క్యాలిబ్రేషన్ గోళాలు కనీసం రెండు. ఒకటి నీళ్ళలో పోతుందనే అనుకోండి.
- నైలాన్ దారం, ముళ్ళు వేయడానికి వీలుగా వేళ్ళ కొసలు తెరుచుకునే చేతి తొడుగులు.
- అన్ని పరికరాల గడియారాలూ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో), ఒకే మూలంతో సరిచూసి.
- వలకు నీటి ప్రవాహం కొలిచే మీటరు, ఫార్మాలిన్, బోరాక్స్, అట్టలేబుళ్ళు, పెన్సిల్. పెన్ను సిరా చలికి రాయదు.
- అనుమతులు. స్వాల్‌బార్డ్‌లో పని అయితే ప్రాజెక్టును రిసెర్చ్ ఇన్ స్వాల్‌బార్డ్ డేటాబేస్‌లో నమోదు చేసి, అవసరమైన వాటికి గవర్నర్ కార్యాలయం అనుమతి తీసుకోవాలి. ఇది చివరి వారంలో చేసే పని కాదు.

## 5. చల్లటి నీటి అంకెలను మీరే పెట్టండి

సాఫ్ట్‌వేర్ మొదటిసారి తెరిచినప్పుడు శబ్దవేగం 1500 అనో, దానికి దగ్గరగానో ఉంటుంది. మీ నీరు అది కాదు. 35 లవణీయతతో సున్నా డిగ్రీల నీటిలో వేగం 1449, గడ్డకట్టబోయే నీటిలో 1440 దగ్గర ఉంటుంది. 1445 ఉన్నచోట 1500 పెడితే 100 మీటర్లు అని చూపించిన పొర నిజానికి 96 మీటర్ల దగ్గర ఉంటుంది. వలను ఆ లోతుకు దించితే పలచటి పొరను తప్పిపోవచ్చు.

శోషణ, అంటే నీరు శబ్దాన్ని మింగడం, ఈ విషయం ఇంకా ముఖ్యం, పైగా ఇది కొంత తికమక పెడుతుంది. నీరు చల్లబడితే శోషణ తగ్గుతుందా పెరుగుతుందా అంటే, ఫ్రీక్వెన్సీని బట్టి. ఫ్రాంకోయిస్, గ్యారిసన్ 1982లో ఇచ్చిన సూత్రంతో పై నీటికి లెక్కేస్తే, 200 కిలోహెర్ట్జ్‌కి 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకు సుమారు 77 డెసిబెల్స్ పోతాయి, సున్నా దగ్గర 40 మాత్రమే. 38కి మాత్రం తిరగబడుతుంది: 20 డిగ్రీల దగ్గర 8 లోపు, సున్నా దగ్గర 10 పైన. నీటిలో కరిగి ఉన్న మెగ్నీషియం సల్ఫేట్ శబ్దాన్ని మింగే ఫ్రీక్వెన్సీ చలికి కిందికి జరగడమే దీనికి కారణం.

వెచ్చటి నీటి అంకె 200కి అలాగే వదిలేస్తే ఏమవుతుందో చూడండి. 150 మీటర్ల లోతుకు వెళ్ళి రావడం 300 మీటర్లు. కిలోమీటరుకు 37 డెసిబెల్స్ తేడా అంటే ఇక్కడ 11 డెసిబెల్స్, అంటే పన్నెండు రెట్లకు పైగా ఎక్కువ ప్లవకాలు ఉన్నట్టు చూపిస్తుంది. అది కూడా లోతు పెరిగే కొద్దీ. ఎకోగ్రామ్‌లో (తెర మీది ప్రతిధ్వని చిత్రంలో) "కిందికి పోయే కొద్దీ చిక్కబడుతున్న పొర" అని సంబరపడే ముందు ఈ ఒక్క అంకె చూడండి.

ఏం చేయాలి: ప్రతి స్టేషన్‌లో సీటీడీ దించండి. ఫ్యోర్డ్‌లో వేసవిలో పైన కరిగిన తియ్యటి నీటి పొర, కింద ఉప్పటి అట్లాంటిక్ నీరు ఉండొచ్చు, కాబట్టి ఒక్క సగటు అంకె కాకుండా లోతు వారీ వేగం వాడితే ఇంకా మంచిది.

## 6. క్యాలిబ్రేషన్: ఇక్కడ మాత్రం తొందర వద్దు

ఇది చేయని డేటాతో పొరలు గీయొచ్చు, సంఖ్యలు చెప్పలేం. పద్ధతి 2015లో ఐసీఈఎస్ (అంతర్జాతీయ సముద్ర పరిశోధన మండలి) వెలువరించిన 326వ సహకార పరిశోధన నివేదికలో పూర్తిగా ఉంది, దాన్ని ముద్రించి దగ్గర ఉంచుకోండి. ఓడలో ఎదురయ్యేవి మాత్రం చెబుతాను.

6.1. గాలి, కెరటాలు లేని చోటు వెతకండి. ఫ్యోర్డ్ లోపల లంగరు వేయడం మంచిది. కానీ హిమనదం ముఖానికి దగ్గరగా వద్దు, అక్కడ నీళ్ళలో రాతి పిండి, పాత మంచులోంచి వదిలిన గాలి బుడగలు ఉంటాయి.

6.2. ముందు సీటీడీ. గోళం ఎంత ప్రతిధ్వనించాలన్నది నీటి శబ్దవేగం మీద ఆధారపడుతుంది. పుస్తకంలో ఉన్న అంకె మీ నీటిది కాకపోవచ్చు, కాబట్టి ఆ రోజు ఉష్ణోగ్రత, లవణీయతలతో మళ్ళీ లెక్కించండి.

6.3. గోళం ఎక్కువగా 38.1 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ కార్బైడ్‌ది వాడతారు. అరచేతిలో పట్టే చిన్న వస్తువే కానీ చూపుకు మించిన బరువు. దించే ముందు దాన్ని సబ్బు నీళ్ళలో ముంచండి. మీద అంటుకున్న కంటికి కనిపించనంత బుడగ కూడా కొలతను చెడగొడుతుంది. సబ్బు అంటాక ఇక చేత్తో ముట్టుకోవద్దు, దారం ముడిని పట్టుకుని బకెట్లోంచి నీళ్ళలోకి దించేయండి. ముడి వీలైనంత చిన్నగా, గోళానికి కొంచెం పైన ఉండాలి.

6.4. ఓడకు మూడు వైపుల నుంచి మూడు దారాలు. మూడింటినీ ఒక్కో మనిషి పట్టుకుని, లోపల తెర ముందున్న వ్యక్తి చెప్పినట్టు అంగుళం అంగుళం వదలాలి, లాగాలి. గోళాన్ని ట్రాన్స్‌డ్యూసర్ పంపే శబ్దపు పుంజం మధ్యలో ఒక్కచోట ఉంచితే సరిపోదు, నాలుగు భాగాలూ నిండేలా తిప్పాలి.

6.5. సర్వేలో వాడబోయే పల్స్ (ఒకసారి పంపే శబ్దపు తునక) పొడవు, పవర్‌తోనే చేయండి. ఒకదానితో క్యాలిబ్రేట్ చేసి మరోదానితో సర్వే చేయడం నేను మళ్ళీ మళ్ళీ చూసిన తప్పు.

6.6. పుంజం నమూనాకూ కొలతలకూ మధ్య సగటు తేడా 0.4 డెసిబెల్ దాటితే నేను ఒప్పుకోను, మళ్ళీ మొదలుపెడతాను. ఎక్కువసార్లు కారణం గోళం చుట్టూ తిరిగే చిన్న చేపలే.

6.7. యాత్ర మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి. రెండూ కలవకపోతే మధ్యలో ఏదో మారింది, అది ఏమిటో తేలాకే లెక్కలు.

## 7. సర్వే చేసేటప్పుడు

పల్స్ అన్ని ఫ్రీక్వెన్సీలకూ ఒకే పొడవు పెట్టండి. 1.024 మిల్లీసెకన్ల పల్స్ అంటే లోతులో సుమారు 0.74 మీటరు మందం. అంతకంటే పలచటి పొరలు కావాలంటే పల్స్ తగ్గించాలి, లేదా బ్రాడ్‌బ్యాండ్ (ఒకే పల్స్‌లో చాలా ఫ్రీక్వెన్సీలు) వాడాలి. ఈకే80 లాంటి పరికరంలో 80 కిలోహెర్ట్జ్ పట్టీని వాడితే సిద్ధాంతపరంగా సెంటీమీటరు లోపు తేడాను కూడా విడదీయొచ్చు. కానీ డేటా కొండలా పెరుగుతుంది, డిస్కులు సరిపడా తీసుకెళ్ళండి.

పవర్ ఎక్కువ పెడితే బాగా వినిపిస్తుందనుకోవద్దు. 200 కిలోహెర్ట్జ్‌లో పుంజం 7 డిగ్రీల వెడల్పున్న ట్రాన్స్‌డ్యూసర్‌కి 150 వాట్లు దాటితే నీటిలోనే తరంగం ఆకారం చెడి శక్తి వేరే ఫ్రీక్వెన్సీల్లోకి పోతుంది. 333కి ఇంకా తక్కువ, 50 వాట్ల దగ్గర.

ఓడలోని ఏడీసీపీ, ఇతర సోనార్లు మీ ఫ్రీక్వెన్సీలోకి చొరబడతాయి. ఆపించగలిగినవి ఆపించండి, మిగతావాటిని ఒకే ట్రిగ్గర్‌తో వరుస పెట్టండి. రోజుకోసారైనా ట్రాన్స్‌మిట్ ఆపి, వినడం మాత్రమే చేసి పది నిమిషాలు రికార్డు చేయండి. ఓడ సొంత రొద ఎంతో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఇక లైట్లు. ధ్రువ రాత్రి వేళ పనిచేసే ప్రతి ఒక్కరికీ ఇది గట్టిగా చెబుతాను. 2020లో వెలువడిన పరిశోధన ప్రకారం ఓడ మీది మామూలు దీపాల వెలుతురు చేపల, ప్లవకాల ప్రవర్తనను 200 మీటర్ల లోతు దాకా మార్చేసింది. ఆ చీకట్లో ఈ జీవులు చంద్రుడి వెలుగుకే స్పందిస్తాయి. చలికాలంలో పున్నమి చుట్టూ 24.8 గంటల లయలో దిగిపోతాయని మూరింగుల డేటాతో 2016లో చూపించారు. అంత సున్నితమైన వాటి మీద డెక్ ఫ్లడ్‌లైట్లు వేసి "ఇక్కడ పైన ప్లవకాలు లేవు" అని రాస్తే అది మన దీపం గురించిన కొలత అవుతుంది.

నేనున్న ఒక యాత్రలో రెండు రాత్రుల డేటాలో పై 60 మీటర్లు ఖాళీగా వచ్చింది. మూడో రాత్రి వించి మరమ్మతు వల్ల డెక్ దీపాలన్నీ కాసేపు ఆరిపోయాయి. ఇరవై నిమిషాల్లో తెర మీద ఆ ఖాళీలోకి పొర మెల్లగా పైకి జరుగుతూ వచ్చింది. దీపాలు మళ్ళీ వెలిగాక అంతకంటే వేగంగా దిగిపోయింది. ఆ రెండు రాత్రుల డేటాను మేం పక్కన పెట్టేశాం.

- కెప్టెన్‌తో ముందే మాట్లాడి, భద్రతకు తప్పనిసరైనవి తప్ప మిగతా దీపాలు ఆర్పించండి.
- కిటికీలకు తెరలు వేయించండి.
- దీపాలు ఎప్పుడు వెలిగాయో, ఎప్పుడు ఆరాయో లాగ్‌బుక్‌లో నిమిషంతో సహా రాయండి.

## 8. వల లేకుండా ఏదీ నమ్మొద్దు

ప్రతిధ్వని తన పేరు చెప్పదు. అందుకే ఎకోగ్రామ్‌లో పొర కనిపించిన లోతులోనే, వీలైనంత త్వరగా వల దించాలి.

కోపెపాడ్‌లకు 180 లేదా 200 మైక్రాన్ల జాలీతో డబ్ల్యూపీ2 వల, లేదా లోతుల వారీగా తెరుచుకుని మూసుకునే మల్టీనెట్. క్రిల్ ఈ చిన్న వలలను చూసి తప్పించుకుంటుంది, దానికి పెద్ద మూతి ఉన్న ట్రాల్ వల కావాలి. ఒక్క వలతో రెండింటినీ లెక్కించాలనుకుంటే క్రిల్ ఎప్పుడూ తక్కువే వస్తుంది.

వసంతంలో ఫియోసిస్టిస్ అనే ఆల్గే విరగబూస్తే జాలీ జిగురుతో మూసుకుపోతుంది. మీటరు చూపించిన నీటి పరిమాణం వల లాగిన దూరానికి సరిపోతోందా అని ప్రతిసారీ సరిచూడండి.

నమూనా డెక్ మీదికి రాగానే ట్రేలో పోసి కళ్ళతో చూడండి, ఫార్మాలిన్ వేయకముందే. గాజులా పారదర్శకమైన ఒళ్ళు, మధ్యలో నూనె సంచి, ఎర్రటి మీసాలు ఉన్నవి కెలానస్. వాటి మధ్య ఆవగింజంత నల్లటి గుళ్ళ లాంటివి దొర్లుతుంటే ఆగండి, అవి లిమాసినా హెలిసినా అనే రెక్కల నత్తలు. గట్టి చిప్ప ఉండడం వల్ల ఇవి పిడికెడు ఉన్నా పొర మొత్తాన్ని ఎర్రగా మార్చేయగలవు. 1994లో స్టాంటన్, సహచరులు లెక్కగట్టిన ప్రకారం, ఒకే బరువున్న జీవుల్లో చిప్ప నత్తల ప్రతిధ్వనికీ మెత్తటి సాల్ప్‌ల (జెల్లీ లాంటి పారదర్శక జీవుల) ప్రతిధ్వనికీ తేడా సుమారు 19,000 రెట్లు. గాలి బుడగ మోసే సైఫనోఫోర్‌ల (జెల్లీ చేపల బంధువుల) సంగతీ ఇంతే, పైగా వల వాటిని ముక్కలు చేసేస్తుంది కాబట్టి నమూనాలో గుర్తుపట్టడం కష్టం. దగ్గర నీటిలోపలి కెమెరా ఉంటే తప్పకుండా దించండి.

ఇంకో జాగ్రత్త: ఫిన్మార్కికస్, గ్లేసియాలిస్‌లను పొడవును బట్టి మాత్రమే విడదీయకండి. రెండింటి పొడవులు చాలాచోట్ల కలిసిపోతాయని జన్యు పరీక్షలు తేల్చాయి. శబ్దం లెక్కకు జాతి పేరు కంటే పొడవుల పట్టికే ముఖ్యం, కాబట్టి కనీసం వంద జీవులను కొలిచి పెట్టుకోండి.

## 9. డేటాను శుభ్రం చేసే వరుస

వరుస మారితే ఫలితం మారుతుంది. ఇదే పాటించండి:

1. క్యాలిబ్రేషన్ అంకెలు, శబ్దవేగం, శోషణ పెట్టడం.
2. పైన ట్రాన్స్‌డ్యూసర్‌కి దగ్గరి భాగం, కింద సముద్రపు అడుగు తీసేయడం. అడుగు గీతను యంత్రానికి వదిలేయకుండా కంటితో చూడండి. ఒక్క పింగ్‌లో (ఒకసారి పంపి విన్న శబ్దంలో) అడుగు లోపలికి వచ్చినా ఆ భాగం సగటు మొత్తం పాడవుతుంది.
3. మంచు తాకిడి, బుడగలు, ఇతర సోనార్ల గీతలు తీసేయడం.
4. నేపథ్య రొద తీసేయడం. లోతు పెరిగే కొద్దీ పరికరం ప్రతిధ్వనిని పెంచి చూపిస్తుంది, దాంతోపాటు రొదనూ పెంచుతుంది. 2007లో డి రాబర్టిస్, హిగిన్‌బాటమ్ చెప్పిన పద్ధతి ఇందుకు సరిపోతుంది. సిగ్నల్ రొద కంటే 10 డెసిబెల్స్ పైన లేనిచోట నేను ఏ నిర్ణయమూ తీసుకోను.
5. ఆ తర్వాతే లోతు, సమయం వారీ గడులుగా విడదీసి సగటు తీయడం.

సగటు గురించి ఒక్క నిమిషం. డెసిబెల్స్‌ను నేరుగా కూడి భాగించకూడదు. −60, −80 అనే రెండు విలువలకు కొత్తవాళ్ళు −70 అని రాసేస్తారు. సరైన పద్ధతిలో ముందు మామూలు అంకెలుగా మార్చి, సగటు తీసి, మళ్ళీ డెసిబెల్స్‌లోకి తెస్తే −63 వస్తుంది. తేడా అయిదు రెట్లు.

## 10. ఈ ప్రతిధ్వని ఎవరిది?

గడుల సగటులు సిద్ధమయ్యాక, ప్రతి గడిలో 120 విలువ నుంచి 38 విలువను తీసేయండి. తేడా బాగా పెద్దదైతే చిన్న జీవులు, కొన్ని డెసిబెల్స్ నుంచి పది దాటే దాకా ఉంటే క్రిల్ లాంటి మధ్యరకం, సున్నా దగ్గరో రుణాత్మకంగానో ఉంటే గాలి తిత్తి ఉన్న చేప. ధ్రువ కాడ్ చేప పిల్లలు వేసవిలో పై నీటిలోనే ప్లవకాలతో కలిసి ఉంటాయి, వాటిని విడదీయకపోతే లెక్క అంతా వాటిదే అవుతుంది. మ్యాకరెల్ చేపకి గాలి తిత్తి లేదు కాబట్టి అది ఈ నియమానికి లొంగదు.

హద్దులు వేరేవాళ్ళ పత్రంలోంచి ఎత్తి పెట్టుకోకండి. మీ వలలో వచ్చిన పొడవులతో, డీడబ్ల్యూబీఏ లాంటి (జీవి ఎంత ప్రతిధ్వనించాలో లెక్కించే) గణిత నమూనాతో, మీ ఫ్రీక్వెన్సీలకు లెక్కగట్టి పెట్టుకోండి. రెండు ఫ్రీక్వెన్సీలూ బాగా వినిపించే లోతు దాకానే పోల్చాలి. 38 కింద 500 మీటర్లు చూస్తున్నా 333తో పోలిక వంద దగ్గరే ఆగాలి. ట్రాన్స్‌డ్యూసర్లు ఒకదానికొకటి దూరంగా ఉంటే దగ్గరి నీటిలో రెండు పుంజాలూ వేర్వేరు నీటిని చూస్తాయన్నదీ గుర్తుంచుకోండి.

జీవులే కానివి కూడా పలుకుతాయి. స్వాల్‌బార్డ్ పశ్చిమాన సముద్రపు అడుగు నుంచి మీథేన్ బుడగలు లేచే చోట్లు ఉన్నాయి, 38లో అవి నిలువు మంటల్లా కనిపిస్తాయి. హిమనదాల దగ్గర రాతి పిండి హెచ్చు ఫ్రీక్వెన్సీల్లో పొగలా పరుచుకుంటుంది. నీటి పొరల సరిహద్దులో అల్లకల్లోలం కూడా సన్నటి గీత ఇస్తుంది. సీటీడీలో సాంద్రత మారే లోతుకూ మీ పొరకూ సరిగ్గా సరిపోలితే ఒకసారి అనుమానించండి, వల అక్కడ ఏం తెచ్చిందో చూడండి.

## 11. ప్రతిధ్వని నుంచి సంఖ్యకు

భాగహారమే. ఘనపు మీటరు నీటి ప్రతిధ్వనిని ఒక్క జీవి ప్రతిధ్వనితో భాగించాలి, రెండూ మామూలు అంకెల్లో.

లెక్క తేలిక కోసం ఊహించిన అంకెలతో చూడండి: నీటి విలువ −70, ఒక్క జీవి విలువ −90 అనుకుంటే, తేడా 20 డెసిబెల్స్, అంటే ఘనపు మీటరుకు 100 జీవులు. ఒక్క జీవి విలువ నిజానికి −93 అయితే అదే నీటిలో 200 జీవులు. మూడు డెసిబెల్స్ పొరపాటుతో సంఖ్య రెట్టింపైంది.

ఆ ఒక్క జీవి విలువ ఎక్కడిది? పొడవు, ఒంటి ఆకారం, నీటిలో వాలు, ఒంటి సాంద్రతకూ లోపలి శబ్దవేగానికీ నీటితో ఉన్న నిష్పత్తుల నుంచి వస్తుంది. నిష్పత్తులు ఒకటికి చాలా దగ్గర కాబట్టి చిన్న మార్పే పెద్ద తేడా తెస్తుంది. వేసవి చివర నూనె నిండిన కెలానస్, వసంతంలో సంచి ఖాళీ అయిన కెలానస్ ఒకేలా పలకవు. అందుకే ఒకే అంకె కాకుండా, ఉండదగిన కనిష్ఠ, గరిష్ఠ నిష్పత్తులతో వందలసార్లు లెక్క తిప్పి, వచ్చిన పరిధి మొత్తాన్ని ఫలితంగా ఇవ్వండి.

## 12. తరచూ ఎదురయ్యే చిక్కులు, విరుగుళ్ళు

లోతు పెరిగే కొద్దీ తెర మొత్తం ఒకే రంగుకు మారుతోంది. అది రొద, పొర కాదు. తొమ్మిదో అడుగులో నాలుగో పని మళ్ళీ చేయండి.

నీటి మధ్యలో అడుగు లాంటి గీత తేలుతోంది. ముందు పింగ్ తాలూకు ప్రతిధ్వని ఆలస్యంగా వచ్చి చేరింది. పింగ్‌ల మధ్య వ్యవధి మార్చండి, గీత జరిగితే అనుమానం తీరినట్టే.

వలలో లెక్కకూ శబ్దం లెక్కకూ పది రెట్లు తేడా. ముందు శోషణ, తర్వాత రెక్కల నత్తలు, తర్వాత వల మూసుకుపోవడం, చివరిగా నమూనా అంకెలు. ఈ వరుసలో వెతకండి.

మూరింగ్ డేటా నెలలు గడిచే కొద్దీ బలహీనపడుతోంది. ట్రాన్స్‌డ్యూసర్ మీద పాచి పట్టిందా, పరికరం వాలిందా? వాలు సెన్సర్ రికార్డు చూడండి, పైకి తీసిన రోజు కడగకముందే ఫోటో తీయండి, వీలైతే అదే స్థితిలో గోళంతో మరోసారి కొలవండి.

## 13. ఓడ దిగే ముందు

- ముడి డేటా ఫైళ్ళు రెండు వేర్వేరు డిస్కుల్లో, రెండు వేర్వేరు మనుషుల దగ్గర.
- క్యాలిబ్రేషన్ ఫైళ్ళు, ఆ రోజు సీటీడీ, గోళం వ్యాసం, తయారీ వివరం.
- ఫ్రీక్వెన్సీ వారీగా పల్స్, పవర్, మధ్యలో మార్చి ఉంటే ఏ నిమిషంలో మార్చారో.
- వల ప్రతి దింపుకీ మొదలు, ముగింపు సమయం, లోతు, మీటరు అంకెలు.
- దీపాలు, మంచు, గాలి, ఓడ వేగం రాసిన లాగ్‌బుక్ ప్రతి పేజీకీ ఫోటో.
- సీసాల లోపల పెన్సిల్‌తో రాసిన లేబుల్ ఉందో లేదో మూతలు బిగించే ముందు మరోసారి.